ఇస్సాకు కుట్టిన మడతలు

వేసవి సెలవులు సగం గడిచేసరికి కొలకలూరులో తల్లులందరి దారీ దర్జీ ఇస్సాకు అరుగు మీదికే. తెనాలిలో కొన్న బట్ట చంకన పెట్టుకుని వచ్చి అందరూ ఒకే మాట చెప్పేవాళ్ళు.

"ఎదిగే పిల్ల ఇస్సాకూ. పొడుగ్గా కుట్టి మడతలు వెయ్యి."

పరికిణీకి అడుగున మూడు మడతలు, మగపిల్లల చొక్కాకి రెండు. ఏడాదికొక జతతో సరిపెట్టుకునే రోజులవి. వేరే ఊళ్ళలో అయితే పిల్ల సాగినప్పుడల్లా తల్లి బ్లేడు పెట్టి ఒక్కో మడతా విప్పాలి. ఇస్సాకు కుట్టినవాటికి ఆ పని లేదు. పిల్ల ఎదిగిన రోజున మడత దానంతటదే జారేది. దారం ముక్క నేల మీద రాలేది, అంచు బెత్తెడు కిందికి దిగేది. "మా చిన్నదానికి మొన్న ఆదివారం జారింది" అని బావి దగ్గర చెప్పుకునేవాళ్ళు, పాలపన్ను ఊడిందన్నట్టు.

ఆ మడతలు ఒట్టి పొడుగు చూసి జారేవి కావు. చెంచురామయ్య కూతురు తాటిచెట్టులా సాగినా ఏడాదంతా ఒక్కటీ జారలేదు. జ్వరంతో పడుకున్న తల్లికి ఎవరూ చెప్పకుండానే గంజి కాచి ఇచ్చిన పూట రెండు మడతలు ఒక్కసారే జారాయి.

అలవాటుకొద్దీ పెద్దవాళ్ళ రవికలకి కూడా పక్కన ఒక మడత వదిలేవాడు ఇస్సాకు. అవి జారినట్టు మాత్రం ఎవరూ చెప్పలేదు.

అరవై ఏడు వేసవిలో సాంబశివరావు కూతురు వసుంధరకి తొమ్మిదేళ్ళు నిండాయి. కిందటి వేసవిలో కుట్టిన పరికిణీకి మూడు మడతలూ అలాగే ఉన్నాయి. అంతకుముందుదానికీ అంతే. పిల్లా అంగుళం సాగలేదు. దాని తమ్ముడు పుల్లయ్యకి రెండున్నరేళ్ళు. అదే బట్టలో మిగిలిన ముక్కతో కుట్టిన వాడి చొక్కాకి రెండు మడతలూ కదల్లేదు.

పుల్లయ్యకి ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలూ నడక రాకుండానే పోయారు. అందుకని వీడు పుట్టగానే నాయనమ్మ రంగమ్మ వీడైనా దక్కాలని పుల్లి విస్తళ్ళలో, తిని పారేసిన ఎంగిలాకుల్లో, దొర్లించి ఆ పేరు పెట్టింది. "ఇద్దర్నీ మన్నే తీసుకుంది. మూడేళ్ళు నిండేదాకా వీడి కాలు నేలకి తగలడానికి వీల్లేదు" అంది. మరి ఎత్తుకునేదెవరు? తల్లి సుబ్బరత్నమ్మకి పాడీ పొయ్యీ సరిపోతాయి. రంగమ్మకి నడుం నొప్పి. అలా వాడు అక్క చంక ఎక్కాడు. బడికి వాడితోనే, లెక్కలు వాడితోనే. వాడు తినగా మిగిలింది నిలబడే తినేది వసుంధర. మిగతా పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే గోడకి ఆనుకుని చూసేది. వాడికేమో నడవాల్సిన అవసరమే రాలేదు. వేలు చూపిస్తే అక్క అటు తీసుకెళ్ళేది కాబట్టి నోరు తెరవాల్సిన పనీ లేకపోయింది.

ఓ పొద్దున రంగమ్మ కోడల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చి, పరికిణీ తీసి మిషను మీద పడేసింది.

"నీ దారంలోనే ఏదో ఉంది ఇస్సాకూ. బ్లేడు పెట్టి నేనే విప్పా. ఉతికి దండెం మీద వేస్తే, ఆరేలోపు మూడూ మళ్ళీ వేసుక్కూచున్నాయి."

"మనం విప్పితే ఎట్టా పెద్దమ్మగారూ? గుడ్డు మనం పగలగొడితే కోడిపిల్ల వస్తదా అండి?"

"ఆ కబుర్లు మీ చర్చిలో చెప్పుకో. ఇది ఎదిగే పిల్ల కాదని తెలుస్తూనే ఉందిగా. మా వాడు చెప్పేశాడు, అయిదో క్లాసూ లేదు గియిదో క్లాసూ లేదు. బడి తెరవగానే పేరు కొట్టించేస్తాం. తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటి పట్టున ఉంటుంది."

వసుంధర ఆ మాట విని పుల్లయ్యని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. సుబ్బరత్నమ్మ కూతురి వంక చూసింది. ఆ ఇంట్లో ఆవిడ ఏదైనా అన్నట్టు ఎవరికీ గుర్తు లేదు.

"ఒక్కమాట అమ్మా" అన్నాడు ఇస్సాకు ఆవిడతో. "పాప పరికిణీ, బాబు చొక్కా ఒకే ముక్కలోవి. ఒకే రీలు దారం. ఒకదాన్నొకటి పట్టుకుని ఆగిపోయాయేమో చూసుకోండి."

"పట్టుకోవూ మరి, అక్కాతమ్ముళ్ళాయె!" రంగమ్మ మూతి తిప్పుకుని అరుగు దిగింది.

బడి తెరిచిన రోజున పంతులమ్మ ప్రేమకుమారి హాజరుపట్టీ రాస్తుంటే సుబ్బరత్నమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మా అమ్మాయి పేరు కొట్టెయ్యమన్నారండి."

"ఎవరన్నారు?"

"ఇంట్లో అన్నారండి."

ప్రేమకుమారి పట్టీలో ఆ పేరు వెతికి, దాని మీద కలం ఆనించి, కిటికీలోంచి బయటికి చూసింది.

"వసూ, ఇవాళ ఒక్కరోజైనా ఆడవే. రేపట్నించి రావంటగా!" అంటున్నారు ఆడపిల్లలు.

వసుంధర నేల మీద గీసిన గళ్ళ వంక చాలాసేపు చూసింది. తర్వాత వంగి, పుల్లయ్యని గోడ పక్కన నేల మీద నిలబెట్టి, పెంకు అందుకుంది.

"అయ్యో, నేల మీద!" సుబ్బరత్నమ్మ ఒక్క అడుగు వేసింది.

"ఆగండమ్మా" అంది ప్రేమకుమారి. "ఎత్తుకునేది ఎప్పుడూ ఉండేదే. ఒక్క నిమిషం ఆగి చూడండి."

"ఇద్దరు పోయారు పంతులమ్మగారూ. మన్ను…"

"నాకు గుర్తుందండి. ఆ రెండేళ్ళూ ఊరంతా వాంతులూ విరోచనాలూ. కాచకుండా తాగిన కాలవ నీళ్ళవి. మన్నేం చేసింది?"

పుల్లయ్య గోడ పట్టుకుని గొంతు చించుకుని ఏడుస్తున్నాడు. అక్క నాలుగో గడిలో ఒంటికాలి మీద ఉంది, రాలేదు. ఎవరూ రాలేదు. ఏడుపు ఆపి అటూ ఇటూ చూశాడు. గోడ వదిలాడు. రెండడుగులు వేసి బోర్లా పడ్డాడు. నోట్లోకి మన్ను పోయింది.

సుబ్బరత్నమ్మ రెండు చేతులతో గుమ్మం పట్టుకుంది. కదల్లేదు.

వాడు మన్ను ఉమ్మాడు. అరచేతులు నేలకి ఆనించి, పిర్రలు పైకెత్తి, ఎలాగో లేచి నిలబడ్డాడు.

"అక్కా" అన్నాడు. అది వాడి మొదటి మాట.

నడిచాడు. మూడో అడుగుకి చొక్కా మడత ఒకటి జారింది, గడి దగ్గరికి చేరేసరికి రెండోది. చివరి గడిలో గిరుక్కున తిరిగిన వసుంధర పరికిణీకి ఒకటి, రెండు, మూడు మడతలూ వరసగా జారి అంచు పాదాల మీద పడింది. దాన్నే తొక్కుకుని కూలబడి, పకపకా నవ్వింది.

"వసూ అవుటు! గీత తొక్కింది!" అని అరిచారు పిల్లలు.

"పేరు కొట్టెయ్యమంటారా?" అంది ప్రేమకుమారి.

సుబ్బరత్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "వద్దులెండి. అత్తయ్యకి నేను చెబుతాను. ఆయనకీ నేనే చెబుతాను." ఆగి, "అయిదో క్లాసుకి ఏమేం పుస్తకాలు కొనాలండి?" అంది.

ఇంటికి పోయి పరికిణీ మార్పించి, ఆ సాయంత్రమే దాన్ని ఇస్సాకు దగ్గరికి పట్టుకెళ్ళింది. పుల్లయ్య వేలు పట్టుకుని నడుస్తూ వచ్చాడు.

"కాళ్ళకి అడ్డంపడుతోంది ఇస్సాకూ. మళ్ళీ మడతలు వెయ్యి."

"ఎన్ని వెయ్యమంటారమ్మా?"

"బట్ట పట్టినన్ని."

వాళ్ళు వెళ్ళాక ఇస్సాకుకి అరుగు మీద ఒక దారం ముక్క కనిపించింది. పరికిణీకి వాడింది పచ్చదారం. ఇది ఎర్రది, బాగా వెలిసిపోయింది. ఆరేళ్ళ కింద సుబ్బరత్నమ్మకి పేరాల నేతబట్టతో రవిక కుట్టినప్పుడు వాడిన దారం. ఇందాక ఆవిడ ఒంటి మీద ఉన్నది ఆ రవికే.

ఇస్సాకు దాన్ని తీసి దారాల డబ్బాలో వేసి, మిషను తొక్కడం మొదలుపెట్టాడు.