దుర్గక్క నోట్లో వక్కాకు

దుర్గక్క గొంతు సంగతి కురుగోడు చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఆమె మడిలో నిలబడి ఒక్క కేక వేస్తే కాలవ నీళ్లు నాలుగడుగులు వెనక్కి నడిచేవి. కొంగలు లేచి హొసపేట డ్యాం దాకా ఆగకుండా పోయేవి. ఆ గొంతు చూసే వరినాట్ల గుంపుకు ఆమెను పెద్దను చేశారు.

ఆ ఏడు గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతు చెన్నకేశవరావు, రెండు గట్ల మధ్య తాడు పట్టి, దాని వెంబడే అందరూ ఒక వరసగా నాటమన్నాడు. ఒక్కరోజు నాటి ఆడవాళ్లంతా పని మానేశారు. దుర్గక్క ఎంత అరిచినా కదల్లేదు.

"రేపు పొద్దున మీవాళ్లు దిగకపోతే ఇంకో గుంపును తెచ్చుకుంటానమ్మాయ్" అన్నాడు రావు.

దుర్గక్క, గుంపుకు మునుపు పెద్దగా ఉన్న హొన్నూరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"అందరికీ గట్టిగా చెప్పినా అత్తా. వినరు!"

"వాళ్లేం చెప్పిరి?"

"నేను చెప్తాంటే వాళ్లేం చెప్తారు?"

హొన్నూరమ్మ నవ్వి, గుప్పెడు తమలపాకులు వక్కతో చుట్టి ఆమె నోట్లో కుక్కింది. "పోయి వాళ్ల మధ్యన కూచో. వాళ్లు చెప్పేదంతా అయ్యేదాకా ఉమ్మినావంటే చూడు!"

సాయంత్రం దుర్గక్క బుగ్గలు ఉబ్బించుకుని వాళ్ల మధ్య కూర్చుంది.

"ఏమక్కా, ఈపొద్దు ఉరుములు యాడికి పోయె?" అంది సుంకలమ్మ. అందరూ పకపకా నవ్వారు. దుర్గక్క కళ్లు ఎర్రబడ్డాయిగాని నోరు తెరవలేదు. నవ్వు ఆగింది. దుర్గక్క కదల్లేదు.

చివరికి సుంకలమ్మే అంది: "తాడంటే మాకేం కోపం లేదక్కా. అందరం ఒకేసారి జరగాల. గట్టుమీద చంటిబిడ్డ ఏడిస్తే పక్కీరమ్మ నడుమ యెట్ల లేస్తాది? పాలు కారి రైకంతా తడిసిపోయె పాపం. ఆయమ్మను ఇడిసి మేము రాము."

'ఆమె బదులు ఇంకొకర్ని తెస్తా' అనే మాట దుర్గక్క గొంతుదాకా వచ్చింది. ఆకు అడ్డం పడింది.

అంతవరకూ తలొంచుకున్న పక్కీరమ్మ మెల్లగా అంది: "తాడు కొస పట్టేవాళ్లు గట్టుమీదే గదా ఉండేది? ఆ కొస నాకీండి. మీరు ఒక వరస నాటేలోగా బిడ్డకు పాలిస్తా."

దుర్గక్క లేచి పోయి ఉమ్మి వచ్చింది. "ఇంగేమన్నా ఉండాదా?" అని మళ్లీ కూర్చుంది.

తెల్లారి గుంపంతా మడిలో దిగింది. వరసలు ఎంత నేరుగా వచ్చాయంటే, ఈ గట్టున నిలబడి చూస్తే బళ్లారి కోటమీద కాకి కనబడింది!

"బిడ్డతల్లిని తాడు దగ్గర పెట్టావేంటి?" అన్నాడు రావు.

"ఆయమ్మనే అడుగు సామీ" అంది దుర్గక్క.