సర్వరులో ఇంకా ఆదివారమే

సోమవారం ఉదయం తొమ్మిదింపావుకు, దీవుల దేశపు రాజధాని నుకుఅలోఫాలో, రేవు ఆఫీసు మేడ మీద, కలేసిత ఆనాటి సరుకుల పట్టికను కంప్యూటరుకు అందించింది. లెక్క రెండు సెకన్లలో తేలింది. అచ్చయి వచ్చిన కాగితం అడుగున "బయల్దేరవచ్చు" అని ఉంది. దాని కింద సంతకం పెట్టాల్సింది ఆమే.

ఆమె సంతకం పెట్టలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి చూసింది.

ఉత్తరాన హాపాయి దీవులకు వెళ్లే ఓడ పై డెక్కు నిండిపోయి ఉంది. ఆ దీవుల్లో సగం మందికి అక్షరాలు నేర్పిన లోసెలీ టీచరమ్మ శుక్రవారం ఇక్కడ కన్నుమూశారు. మంగళవారం పొద్దున సొంత ఊళ్లో ఖననం. శవపేటికతో పాటు పదమూడు కుటుంబాలు తమ తమ వంతు పట్టుకుని బయల్దేరాయి. చాపల కట్టలు, తాపా అనే బెరడు గుడ్డ చుట్టలు, పెండలం బుట్టలు, చెక్క పంజరాల్లో పందులు. నల్లబట్టల మీద నడుముకు మోకాళ్లు దాటే చాపలు చుట్టుకున్న జనం వాటి మధ్య సర్దుకుని కూర్చుంటున్నారు. కాగితం మీద మాత్రం పై డెక్కు బరువు నాలుగు టన్నులని ఉంది. పందులే అంత ఉంటాయి.

అర్ధరాత్రికి వాయవ్యపు గాలి ముదురుతుందని హెచ్చరిక వచ్చింది. హాపాయికి పది గంటల ప్రయాణం. మధ్యాహ్నం పన్నెండులోగా తాడు విప్పకపోతే ఓడ గురువారం దాకా కదలదు. టీచరమ్మను అంతవరకు ఉంచలేరు. అలాగని తప్పు కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుందో కలేసితకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొన్నేళ్ల కిందట మునిగిన ఓడలో ఆమెతో చదువుకున్నవాళ్లు ఇద్దరున్నారు.

ఆమె వెనక్కి వచ్చి బీరువాలోంచి పోయిన సోమవారపు కాగితం తీసింది. అలకి పక్కకు ఒరిగిన ఓడ ఎంత బలంగా తిరిగి నిలబడుతుందో చెప్పే అంకె ఒకటి దాని మీద ఉంటుంది. అది అరవైకి తగ్గకూడదు. పోయిన వారం అది డెబ్బై ఒకటి. ఆమె అదే పాత పట్టికను, ఒక్క అక్షరం మార్చకుండా, మళ్లీ ప్రోగ్రాముకు ఇచ్చింది. ఈసారి తొంభై నాలుగు వచ్చింది.

పట్టిక మారలేదు. ఓడ మారలేదు. మారిందేదో కంప్యూటరులోనే మారింది.

కంప్యూటరులో ప్రోగ్రాములను పెట్టి, మార్చే ప్యాకేజీ మేనేజరు తాను చేసిన ప్రతి పనినీ తేదీ, గంటతో సహా రాసి పెట్టుకుంటుంది. కలేసిత ఆ జాబితా తెరిచింది. చివరి పని ఇవాళే, తొమ్మిది గంటలకు, ఆమె ఇంకా మెట్లు ఎక్కుతుండగానే మొదలైంది. నలభై మూడు ప్యాకేజీలు కొత్త వెర్షన్‌కు మారాయి. వాటిలో పట్టికలు చదివే లైబ్రరీ అనే సహాయక ముక్క కూడా ఉంది. ఓడ లెక్కల ప్రోగ్రాము దాని మీదే ఆధారపడి నడుస్తుంది. నాలుగేళ్ల కిందట, ఆ ప్రోగ్రాము రాసిన ఇంజనీరు చెప్పిన మీదట, ఆ లైబ్రరీని కదపవద్దని ఆమె తన చేత్తో గుర్తు పెట్టింది. ఇప్పుడా గుర్తు లేదు.

పక్క బల్ల దగ్గర ఆమె సహాయకుడు ఫెలేతి ప్రింటరు సర్దుతున్నాడు. చురుకైనవాడు, పనిమంతుడు, తలుపు పూర్తిగా తెరుచుకునేలోపే లోపలికి దూరే రకం. ఆమె పిలిచి అడిగితే దాచలేదు. ఆ ఒక్క గుర్తు వల్ల మిగతావన్నీ ఆగిపోతున్నాయని శుక్రవారం తనే తీసేశానన్నాడు. భద్రతకు సంబంధించినవి కూడా అందులో ఉన్నాయట. అయినా ఎవరికీ ఇబ్బంది కాకూడదని ఆ మార్పిడిని ఆదివారం రాత్రి ఎనిమిదింటికి పెట్టానని చెప్పాడు. పనే నిషేధమైన ఆదివారంనాడు ఈ దేశంలో కంప్యూటరు ముట్టేవాడెవడు?

"ఎవరి ఆదివారం?" అంది కలేసిత.

ఫెలేతి తెర మూలన ఉన్న గడియారం చూశాడు. ఈ ప్రోగ్రాములుండే సర్వరు గడియారం గ్రీనిచ్ లెక్కన నడుస్తుంది. మనకన్నా పదమూడు గంటలు వెనక. మనం చర్చికెళ్లి, భోంచేసి, నిద్రపోయి, సోమవారం పొద్దున లేచి ఆఫీసుకొచ్చినా దాని దృష్టిలో ఇంకా ఆదివారం రాత్రి ఎనిమిదే.

"అక్కా," అన్నాడు గొంతు తగ్గించి, "పాతది మళ్లీ పెట్టేస్తా. రెండు నిమిషాలు."

రెండు నిమిషాల్లో అయ్యే పని కాదని మొదటి కమాండుకే తేలిపోయింది. ఇంటర్నెట్‌లో ప్యాకేజీలు దించుకునే చోట కొత్త వెర్షన్ ఒక్కటే ఉంచారు, పాతది తీసేశారు. దించుకున్నవి మన సర్వరులోనే ఒక మూల నిల్వ ఉండాలి. ఆ మూల ఖాళీగా ఉంది. డిస్కు నిండిపోతోందని శుక్రవారమే అదీ ఊడ్చేశానని ఫెలేతి చెప్పలేక చెప్పాడు.

కాసేపు తిట్టాలనిపించింది. తొమ్మిదీ నలభై అయింది. ఆమె తిట్టలేదు.

ఫెలేతి పట్టికను, కాగితాన్ని పక్కపక్కన పెట్టి వెతికి అసలు తేడా పట్టుకున్నాడు. రేవులో తూకం వేసేవాళ్లు చావు సరుకు వచ్చినప్పుడు బరువు పక్కనే కుటుంబం పేరు రాస్తారు. ఎవరు ఎంత తెచ్చారో అవతల ఖననం దగ్గర చదివి వినిపించాలి కదా. పాత లైబ్రరీ ఆ గడిలోంచి అంకె తీసుకుని పేరు వదిలేసేది. కొత్తది, పేరు కనబడితే ఆ వరస మొత్తాన్నీ వదిలేస్తోంది. పదమూడు కుటుంబాల సరుకు లెక్కలోకే రాలేదు.

పేర్లు చెరిపేసి మళ్లీ నడుపుదామన్నాడు. పోయిన వారం వెళ్లిందీ చావు సరుకే కాబట్టి ఆమె ఆ పట్టికలో పేర్లు చెరిపి నడిపింది. డెబ్బై నాలుగు వచ్చింది. రావాల్సింది డెబ్బై ఒకటి.

"మూడే కదక్కా తేడా."

"ఆ మూడు ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పు, సంతకం పెడతా."

చేత్తో లెక్క కట్టాలంటే సాయంత్రమవుతుంది. పాత వెర్షన్ ఎక్కడో ఒకచోట దొరకాలి. ఇదే ప్రోగ్రాము, ఇదే ఏర్పాటు ఉన్న కంప్యూటరు దేశంలో ఇంకొకటే ఉంది. అది హాపాయి రేవులో, పాంగాయ్ ఆఫీసులో. కలేసిత ఫోను అందుకుంటుండగా ఫెలేతి అన్నాడు, శుక్రవారం దానికీ ఇదే ఆదివారపు పని అప్పగించానని. అయితే అక్కడి ఆఫీసు చూసే సియోసియానత్త శనివారం తాళం వేసేటప్పుడు కంప్యూటరు కట్టేసి వెళ్తుంది. సోమవారం సంత చూసుకుని పదింటికి వచ్చి తెరుస్తుంది. తెరవగానే కంప్యూటరు, తప్పిపోయిన పని ఏమిటా అని అదే వెతుక్కుని, వెంటనే మొదలుపెడుతుంది.

తొమ్మిదీ యాభై రెండు. ఆఫీసు ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఇంటి ఫోను ఎవరో పిల్ల ఎత్తి, అమ్మమ్మ చేపలకెళ్లిందని చెప్పి పెట్టేసింది. మళ్లీ ఆఫీసు. మళ్లీ. ఐదోసారికి ఎత్తారు.

"ఏం పిల్లా, పొద్దున్నే మా మీద ప్రేమ పుట్టుకొచ్చింది? బుట్టయినా దింపనివ్వవా?"

"అత్తా, కంప్యూటరు పెట్టావా?"

"ఇప్పుడే బటన్ నొక్కా. దాని సంగతి నీకు తెలుసుగా, నాలాగే, లేవడానికి టైము పడుతుంది."

"వెనకాల నీలం వైరు ఉంటుంది. లాగెయ్. తర్వాత మాట్లాడదాం, ముందు లాగెయ్."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. కుర్చీ జరిగింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. ఫెలేతి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"లాగా," అంది సియోసియాన. "గోరు విరిగింది. ఆ టీచరమ్మ గనక ఉంటే నిన్ను బెంచీ ఎక్కించేది. ఇప్పుడు చెప్పు, ఎవరి కొంప మునిగింది?"

ఎవరిదీ మునగకుండా చూస్తున్నామని కలేసిత చెప్పింది. తర్వాత ఒక్కొక్క అక్షరం చెప్పి కొట్టించింది. ముందు ఆ ఆదివారపు పనిని ఆపించింది. ఆగిందని తెర మీద మాట వచ్చాకే నీలం వైరు మళ్లీ పెట్టించింది. ఆ కంప్యూటరు నిల్వ మూలలో పాత ప్యాకేజీ ఫైలు భద్రంగా ఉంది. పదీ పదికి అది రావడం మొదలైంది. సగం వచ్చాక తెగిపోయింది. మళ్లీ మొదలైంది.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడయింది. ఆ ఓడ కెప్టెన్ మనాసే లోపలికి వచ్చి, బల్ల మీదున్న కాగితం ఎత్తి చూశాడు. బయల్దేరవచ్చని ఉంది కదా, సంతకం ఏదన్నాడు. అది తప్పని, ఇంకొకటి వస్తుందని కలేసిత చెప్పింది. ఆయన గడియారం చూపించాడు. కింద శవపేటిక ఎండలో ఉందన్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఓడ నడుపుతున్నానని, కాలి కింద డెక్కు చెబుతుందని, యంత్రం చెప్పక్కర్లేదని అన్నాడు. ఆఖరికి గొంతు పెంచాడు.

"పెన్ను తియ్యి. పోర్టు మేనేజరుకి ఫోన్ చెయ్యమంటావా?"

ఓడ మీద ఆయన మాటకు తిరుగులేదు. కానీ ఆయన కలేసిత తల్లికి తమ్ముడు. ఈ దీవుల ఆచారం ప్రకారం ఇంట్లో పెళ్లయినా చావయినా పై చాప మీద కూర్చునేది మేనకోడలు, కింద కూర్చునేది మేనమామ. ఆమె అడిగితే ఆయన కాదనకూడదు. పదకొండేళ్ల ఉద్యోగంలో ఆఫీసులో ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"మామయ్యా," అంది ఆమె తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా. "కూర్చో. నేను చెబుతున్నా."

మనాసే టోపీ తీశాడు. గోడ పక్కన కాగితాల అట్టపెట్టె ఒకటుంటే దాని మీద, ఆమె కుర్చీ కన్నా కిందుగా, కూర్చున్నాడు.

పదీ ముప్ఫై ఐదుకు ఫైలు చేరింది. కలేసిత పాత వెర్షన్ పెట్టమని కమాండు ఇచ్చింది. ప్యాకేజీ మేనేజరు వెంటనే ఒప్పుకోలేదు. నాలుగు వరసల సమాధానం ఇచ్చి, కానివ్వమంటావా అని అడిగింది. ఫెలేతి చెయ్యి మీటల మీదకు పోయింది. ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"చదువు."

అతను చదివాడు. పాత లైబ్రరీ పెట్టాలంటే దానికి తోడుండే ఇంకో ప్యాకేజీ కూడా పాతదే కావాలి. అది లేదు కాబట్టి, ఓడ లెక్కల ప్రోగ్రామునే తీసేస్తానంటోంది. కానివ్వమని ఒక్క అక్షరం కొట్టి ఉంటే ఇవాళ తప్పు కాగితం కూడా వచ్చేది కాదు. ఫెలేతి తన చేతిని తనే వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

వద్దని కొట్టి, ఆమె మళ్లీ సియోసియానకు ఫోన్ చేసింది. రెండో ఫైలు చిన్నది, ఐదు నిమిషాల్లో వచ్చింది. రెండూ కలిపి ఇచ్చాక ప్యాకేజీ మేనేజరు ఏదీ తీసేస్తాననలేదు, రెండింటిని పాత వెర్షన్‌కు తెస్తానంది. ఆ వరసలు ఆమె రెండుసార్లు చదివి, అప్పుడు కానిమ్మంది.

పోయిన వారం పట్టిక ఇచ్చింది. డెబ్బై ఒకటి.

ఇవాళ్టిది ఇచ్చింది. కాగితం వచ్చేలోపే మనాసే లేచి ఆమె వెనక నిలబడ్డాడు. పై డెక్కు పద్దెనిమిది టన్నులు. అంకె యాభై రెండు. అడుగున "బయల్దేరరాదు" అని ఉంది.

ఆయన ఆ కాగితాన్ని చదివాడు. ఎంత దించాలని అడిగాడు. ఎనిమిది టన్నులు అడుగు గదిలోకి పోవాలని ఆమె చెప్పింది.

"చాపలు కదపను. అవి ఆవిడ దగ్గరే ఉండాలి. పెండలం మొత్తం కిందికి, పందులూ కిందికి. ఇంకో కాగితం సిద్ధం చెయ్యి, తల్లీ."

పదీ యాభై ఐదు నుంచి రేవులో గోల. తమ పెండలం అందరికీ కనబడేలా పైన ఉండాలని ఒక పెద్దాయన బుట్ట మీద కూర్చున్నాడు. మనాసే ఆయన్ని బుట్టతో సహా ఎత్తించినంత పని చేశాడు. ఫెలేతి ఎవరూ చెప్పకుండానే కిందికి వెళ్లి చొక్కా విప్పి వరసలో నిలబడ్డాడు, బుట్టలు చేతులు మారుతున్నాయి. మేడ మీద కలేసిత, దిగిన ప్రతి కుటుంబం సరుకునూ పట్టికలో పైనుంచి కిందికి మార్చుతూ వచ్చింది. ఎవరి పేరూ చెరపలేదు.

పదకొండూ నలభై ఎనిమిదికి మూడో కాగితం వచ్చింది. అరవై నాలుగు. ఆమె సంతకం పెట్టి, తనే మెట్లు దిగి తీసుకెళ్లి ఇచ్చింది. మనాసే మడిచి జేబులో పెట్టుకున్నాడు. పన్నెండుకు నాలుగు నిమిషాల ముందు తాడు విప్పారు.

ఫెలేతి చొక్కా భుజాన వేసుకుని, ఒళ్లంతా మట్టితో పైకి వచ్చాడు. నోరు విప్పబోతే ఆమె చెయ్యెత్తి ఆగమంది. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. పగడపు దిబ్బల మధ్య దారి చివర ఓడ ఉత్తరానికి తిరగాలి. అక్కడ బయటి సముద్రపు అల పక్కనుంచి తగులుతుంది. ఓడ తిరిగింది. అల తగిలింది. పై డెక్కు మీద నల్లబట్టల జనం అంతా ఒక వైపుకు వంగినట్టు కనిపించింది. కలేసిత కిటికీ చట్రం పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. నాలుగో అంకె నోట్లోనే ఉండగా ఓడ మెల్లగా, బరువుగా, నిటారుగా లేచి నిలబడింది. రెండో అలకు ఇంకొంచెం తక్కువే ఒరిగింది.

"పద," అంది ఆమె. "ముందు ఆ గుర్తు పెట్టు. తర్వాత గడియారం సంగతి చూద్దాం."