కాగితంలో హేమలత

మా చర్చిలో అందరికీ రెండు పేర్లుండేవి. ఆదివారానికి ఒకటి, ఆఫీసులకు ఒకటి. నేను చర్చిలో ఎస్తేరు, సర్టిఫికెట్లలో హేమలత. అమ్మ చర్చిలో మార్త, రేషన్ కార్డులో రామాంజినమ్మ. కాగితంలో హిందువని ఉంటేనే ఎస్సీ. క్రైస్తవులమని రాయించుకుంటే బీసీ–సి అయిపోతాం, ఆ కోటాలో సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దేవుడికి ఈ సంగతి తెలుసు, సర్దుకుపోతున్నాడు అనుకునేవాళ్లం.

2001లో నాకు ఎంసెట్ ర్యాంకు వచ్చింది. ఎస్సీ కోటాలో కంప్యూటర్స్ సీటు ఖాయం. కంబదూరు దగ్గర మా పల్లెలో ఇంజినీరింగు దాకా వచ్చింది ఇద్దరమే: నేనూ, మా పాస్టరు జెకర్యా అయ్యగారి కూతురు షారోనూ. ఆ పిల్ల కాగితాల్లో సుష్మిత.

కౌన్సెలింగుకు నెల ముందు వాన కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టారు. వేరుశనగ విత్తనం ఇళ్లలోనే ఉంది, మబ్బులేమో కర్ణాటక వైపు పోతున్నాయి. మూడో రోజు అయ్యగారు సంపూర్ణ సమర్పణ మీద చెప్పారు.

"చేనంతా దేవునికిచ్చి గెనిమ గట్టు మాత్రం నాదంటే ఎట్లప్పా? ఈడ ఒక పేరు, ఎమ్మార్వో ఆఫీసులో ఇంగో పేరు. పరలోకంలో ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు మీరు? వాన ఎందుకు రాలేదో ఇప్పుడన్నా తెలిసిందా?"

అందరూ తలలు వంచుకుని విన్నారు, ఇంటికెళ్లి అన్నం తిన్నారు. నేను మాత్రం నమ్మేశాను. మర్నాడే ఆయన ఇంటికెళ్లాను.

"అయ్యగారూ, కాగితం మార్పించుకుంటా. సీటు పోతాదేమో."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, ఈ బిడ్డ అంతా అప్పగిస్తాండాది. తీసుకో తండ్రీ."

షారోను మజ్జిగ తెచ్చిచ్చింది. నా మొహం చూడకుండానే లోపలికెళ్లిపోయింది.

ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తా శివప్ప నా దరఖాస్తు రెండుసార్లు చదివాడు.

"ఏమ్మా, తలకాయ బాగుండాదా? ఎస్సీ అని రాయమని నా కాళ్లు పట్టుకునేటోళ్లుండారు. నువ్వేంది, ఉన్నేది వాపసు ఇస్తాండావు?"

"దేవుని కోసరం అన్నా."

"దేవుడు సీటిస్తాడా?"

"ఇయ్యకపోయినా సరే."

ఆ మాట అన్నప్పుడు నాకు నేనే తెగ నచ్చాను. ఒప్పుకోవాలి. నాయన మాత్రం కౌన్సెలింగు రోజు దాకా నాతో మాట్లాడలేదు.

కౌన్సెలింగు అనంతపురంలో. ఎస్సీలకో వరుస, బీసీలకో వరుస. నేను బీసీ వరుసలో నిలబడి పక్కకు చూస్తే ఎస్సీ వరుసలో షారోను. చేతిలో ఫైలు, ఫైలు మీద కుల సర్టిఫికెట్: సుష్మిత, హిందూ. పక్కన గొడుగు పట్టుకుని అయ్యగారు.

నా చూపు ఎక్కడుందో గమనించి ఆయనే దగ్గరికొచ్చారు.

"నేను చెప్పింది మనసు సంగతి తల్లీ. కాగితం సంగతి కాదు."

"మరి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినారే?"

"నువ్వు ఆశపడినావు, చేసినా. ఒక్కొక్కరికి ఒక్కొక్క పిలుపు." గొడుగు చేయి మార్చుకుని వరుసలోకి వెళ్లిపోయారు.

నాయన అంతా విన్నాడు. సంచిలోంచి నా పాత సర్టిఫికెట్ తీశాడు.

"పారేయలేదు పాపా. వరుస మారు. ఆయప్ప బిడ్డకు లేని నొప్పి నీకేల?"

కాగితం నా చేతిలో ఉంది. వరుసల మధ్య నాలుగడుగుల దూరం. ఏం చెయ్యమంటావని దేవుణ్ణి అడిగాను. షారోనుకు అడ్డు చెప్పనివాడు నాకూ చెప్పడని తెలుసు. కానీ శివప్ప ముందు నేను మాటిచ్చింది అయ్యగారికి కాదు. ఆయన అబద్ధమాడినంత మాత్రాన నా మాట అబద్ధమైపోతుందా?

"వద్దు నాయనా. ఇచ్చేసినా. మళ్లా వాపసు ఎట్లడిగేది?"

నా వంతు వచ్చేసరికి ఆ కోటాలో ఏమీ మిగల్లేదు. షారోనుకు కంప్యూటర్స్ వచ్చింది. తర్వాత నేను డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నాను, ఇప్పుడు బెంగుళూరులో వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తున్నాను. ఆ రోజు అదేదీ కనబడలేదు. బస్సులో నాయన పక్కన కూర్చుని కళ్యాణదుర్గం దాకా ఏడ్చాను.

ఆ ఆదివారమే చర్చిలో అయ్యగారు నన్ను లేచి నిలబడమన్నారు.

"మన ఎస్తేరమ్మ దేవుని కోసరం సీటే వదులుకునింది! సమర్పణ అంటే అదప్పా. రా తల్లీ, సాక్ష్యం చెప్పు."

అమ్మ మోచేత్తో పొడిచింది. మైకు నా చేతికొచ్చింది. ముందు వరుసలో షారోను తలెత్తకుండా చాప పీచులు పీకుతోంది. ఒక్క మాట అంటే చాలు, వాళ్లిద్దరి పనీ అయిపోతుంది. ఆ మాట నాలుక చివరన ఉంది కూడా.

"నేనిచ్చింది దేవునికి అయ్యగారూ," అన్నాను. "మీకు కాదు. దాన్ని మీరు ఈడ వాడుకోవద్దు."

మైకు చాప మీద పెట్టి కూర్చున్నాను.

"ప్రార్థన చేసుకుందాం," అన్నారాయన, గబగబా. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన ప్రార్థనకు నేను ఆమేన్ అనలేదు. అది అయ్యేదాకా ఆగి, నా ప్రార్థన నేను మనసులో వేరేగా మొదలుపెట్టాను. మొదట వచ్చిన మాట 'మోసం'. అక్కడినుంచే దేవుడికి చెప్పుకుంటూ పోయాను.