అతుకుపని

తప్పంతా శరణ్యది. లైబ్రరీలో దొరికిన కరపత్రం మీద తెల్లటి లేసు బొమ్మ చూసి, లోపల ఏం రాసుందో చదవకుండా అమ్మ పేరు ఎక్కించేసింది. "లేసు క్లాసటమ్మా, అయిదు రోజులు. ఆఫీసుకెళ్తూ నేనే డ్రాప్ చేస్తా" అంది. ఊరికే కూర్చోవడం చేతకాని ప్రభావతి నర్సాపురం నుంచి తెచ్చుకున్న లేసు సూదీ, దారపుండా సంచిలో పడేసుకుని, జనవరే నడివేసవి అయిన కూతురి దేశంలో, ఎండలో, హామిల్టన్ ఊరి చెరువు పక్కనున్న హాలుకు బయల్దేరింది.

తీరా వెళ్తే అక్కడ సూదీ లేదు, దారమూ లేదు. పదిహేనుమంది తెల్లజుట్టు వాళ్ళు, గోడకో తెర, తెర పక్కన మొయిరా అనే పొడుగాటి టీచరు. అది ఐర్లాండు కళల చరిత్ర మీద వేసవి కోర్సు.

"సారీ అమ్మా, క్యాన్సిల్ చేసేస్తాను" అంది శరణ్య సాయంత్రం కారులో, నాలిక కరుచుకుని.

"నోర్మూసుకో. రేపు రాతి శిలువల కథ చెప్తానంది ఆవిడ. నేను వెళ్ళాల్సిందే."

ప్రభావతికి ఆ ఇంగ్లీషు సగమే అర్థమైంది. మిగతా సగం కళ్ళు చూసుకున్నాయి. పన్నెండు వందల ఏళ్ళ కిందట సన్యాసులు తోలు మీద రాసిన పుటలట. ఒక్క అక్షరమే పుటంతా పరుచుకుంది. దాని లోపల గీత గీతతో మెలిపడి, తన తోక తానే కొరుక్కునే జంతువై, మళ్ళీ గీతయిపోయింది. అరచేతిలో ఇమిడే పైటపిన్ను మీద బియ్యపుగింజంత సింహాలు. ఏం చేతులమ్మా అవి! దండం పెట్టాలనిపించింది ఆవిడకి.

అంతకన్నా మొయిరా మీద ముచ్చటేసింది. ప్రతి బొమ్మ ముందూ ఆవిడ "ముందు చూడండి" అని, నిమిషంసేపు నోరు మెదపకుండా తానూ నిలబడి చూసేది. వందసార్లు చూసినదాన్నే మొదటిసారి చూస్తున్నట్టు చూసేది. ప్రభావతి చిన్నప్పుడు బడిలో ఇలా చూడమన్న పంతులు ఒక్కరూ లేరు.

గురువారం తెర మీదికి లేసు వచ్చింది. కరువు రోజుల్లో ఐర్లాండు ఆడవాళ్ళు గుడిసెల ముందు కూర్చుని అల్లిన లేసు. "ఒక్కో ఇంట్లో ఒక్కో పువ్వు అల్లేవారు. వాటినింకెవరో అతికేవారు. ఒక్కరి పేరూ మిగల్లేదు" అంది మొయిరా. "కానీ ఇదీ కళే. ఆ శిలువల పక్కన పెట్టదగ్గ కళ."

తెర మీది లేసు గులాబిని ప్రభావతి చూడగానే గుర్తుపట్టింది. ఒకప్పుడు దొరసానులు నర్సాపురానికి తెచ్చిన అల్లికే, తనూ అల్లే గులాబే. మూడు వరసల రేకులు, రేకు లేచి నిలబడడానికి లోపల లావు దారం. ఏడో ఏట నుంచి అరుగు మీద కూర్చుని వేలల్లో అల్లింది. దాన్ని తీరికవేళ కాలక్షేపం అన్నారే గానీ పని అని కూడా ఎవరూ అనలేదు. ఇప్పుడీవిడ ఏకంగా కళ అంటోంది! లేచి, నేనూ చేశానని ఒక్క మాట చెప్పాలనిపించింది. మాట పెదాల దాకా వచ్చింది. పదిహేను తలలు చూసి మళ్ళీ కడుపులోకి పారిపోయింది. ఇక మిగిలింది ఒక్క రోజు.

క్లాసు చివర్లో మొయిరా ఒక పెట్టె తెరిచింది. ఓడలో ఈ దేశం వచ్చిన తన ముత్తవ్వ లేసు కాలరు అది. ఆరు గులాబీలున్నాయి. ఏడోది ఊడిపోయి చిల్లు మిగిలింది. "రేపు మన కోర్సు ముగింపు ప్రదర్శనలో పెట్టాలనుంది గానీ, ఇలా పెట్టడానికి మనసొప్పదు. ఈ గులాబి అల్లగలవాళ్ళు నాకెక్కడా దొరకలేదు" అంది.

ఇంటికి రాగానే ప్రభావతి దారాన్ని టీ డికాషన్‌లో ముంచి, పాత కాలరు రంగు వచ్చాక ఆరేసింది. వేసవి పొద్దు ఇంకా వాలకముందే సూది పట్టుకుని ఇంటి వెనక చెక్క డెక్ మీద కూర్చుంది.

శరణ్య నోరు తెరుచుకుని చూసింది. "నీకింత బాగా వచ్చా? నువ్వు అల్లుతుంటే నేనెప్పుడూ చూళ్ళేదేంటమ్మా?"

"నీకీ పని అంటకూడదని నువ్వు బడికెళ్ళాకే సూది తీసేదాన్ని."

శరణ్య మర్నాడు సెలవు పెట్టి తనూ వచ్చింది.

ప్రభావతి గులాబిని మొయిరా బల్ల మీద పెట్టింది. మొయిరా దాని ముందు నిమిషంసేపు కదలకుండా నిలబడింది.

"ఐ మేడ్" అంది ప్రభావతి. అనేసింది!

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మొయిరా రెండు చేతులతో కాలరు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి, అతికిపెట్టమంది. ప్రభావతి చప్పున చేతులు వెనక్కి తీసుకుంది.

"చెప్పవే శరణ్యా. పువ్వులల్లేవాళ్ళు వేరు, అతికేవాళ్ళు వేరని చెప్పు. అతుకుపని మా పక్కింటి లక్ష్మీబాయిది. నాకు పువ్వొక్కటే వచ్చు." సిగ్గుతో ఆవిడ ముఖం కందిపోయింది. ఇన్నేళ్ళు చేసీ, సగం పనే వచ్చని ఒప్పుకోవాల్సి వచ్చింది.

శరణ్య చెప్పింది విని మొయిరా పకపకా నవ్వి, కుర్చీ లాక్కుని ఆవిడ పక్కనే కూర్చుంది.

"మా అమ్మమ్మ నాకు అతకడం ఒక్కటే నేర్పింది. నాకు పువ్వు రాదు. ఆ సూది ఇలా ఇవ్వండి."

నర్సాపురం సూదితో మొయిరా అతుకుతుంటే, రేకు కదలకుండా ప్రభావతి వేలితో అదిమిపట్టింది. మధ్యాహ్నానికి చిల్లు పూడింది.

కాలరు పక్కన పెట్టాల్సిన అట్టముక్క మీద 'పేరు తెలియని స్త్రీలు' అని ముందే రాసుంది. దాని కింద పేరు రాయమని మొయిరా పెన్ను ఇచ్చింది. ప్రభావతి తెలుగులోనే, గుండ్రంగా తన పేరు రాసింది. కాసేపాగి, కింద ఇంకో పేరు రాసింది.

శరణ్య వంగి చదివింది. "లక్ష్మీబాయత్త పోయి పదేళ్ళయింది కదమ్మా. ఈ కాలరు చూడనైనా చూళ్ళేదు."

"నేనల్లిన ప్రతి పువ్వూ అది అతికిందే. దాని పేరు ఇంకెక్కడ రాస్తారు?"

తెలుగు ఒక్క ముక్క రాని మొయిరా ఆ రెండు పేర్ల ముందు నిలబడింది. "ముందు చూడండి" అని అందరికీ చెప్పి, తనూ చూస్తూ ఉండిపోయింది.