రేఖ భుజం

నవ్వితే నవ్వారు, అందరూ ఒక్కసారిగా నవ్వడమే మేలయింది, అనుకుంది హెడ్ కానిస్టేబుల్ కృపాకుమారి, పరేడ్ గ్రౌండ్ పక్కన రేకుల నీడలో టిఫిన్ డబ్బా మూత తీయకుండానే పట్టుకుని, కుక్కను చూసి కేక పెట్టిందట అని రేపటికి అనంతపురం స్టేషన్లన్నీ చెప్పుకుంటాయి, చెప్పుకోనీ, నాలుగు రోజులకు పోయే మాటే, పోనిది కుడి అరచేతిలో ఉంది, తన స్టేషన్ కానిస్టేబుల్ రేఖ భుజం, ఖాకీ గుడ్డ కింద సన్నటి ఎముక, పొద్దున్నుంచీ శిక్షణ ఇస్తున్న శ్రీరంగప్ప చెబుతూనే ఉన్నాడు, సోదాకు పోయినా సమన్లు ఇయ్యను పోయినా ఇంటికాడ కుక్క ఉంటాది, అది దాని ఇల్లు, మీరు ఉరకాకండి, లాఠీ ఎత్తాకండి, పక్కకు తిరిగి ఊరికే నిలబడండప్పా, వాసన చూసుకుని అదే పోతాది, అని, ఆమె తలూపింది కూడా, తర్వాత అతను కుక్క గొలుసు విప్పాడు, ఎర్రమట్టి లేపుకుంటూ వచ్చింది అది, అప్పుడేం జరిగిందో, జరిగిందో ఏమిటి, బాగా తెలుసు, పక్కనున్న రేఖను భుజం పట్టి లాగి తన ముందు నిలబెట్టుకుంది, తలుపు వేసుకున్నట్టు, కుక్క రేఖ బూట్లు వాసన చూసి తోకాడించింది, కేక విన్నవాళ్లెవరూ చేతిని చూడలేదు.

అదుగో వస్తోంది, మజ్జిగ గ్లాసుతో, రాప్తాడు పిల్ల, నా బిడ్డ లాంటిదప్పా అని స్టేషన్లో ఎన్నిసార్లు చెప్పుకుందో, బిడ్డనైతే లాగేదా, తానే అడ్డం పోయేది, ఈ తేడా తలకంటే ముందు చేతికి తెలిసిపోయింది, తాగండి మేడమ్ అంటోంది రేఖ, ఎప్పుడూ అక్కా అనే నోరు, ఏమీ అనుకోవాకు రేఖా, కంగారులో పట్టుకుంటి, అంది తను, అబద్ధంగా వినబడింది తనకే, పర్వాలేదు మేడమ్, నాకూ భయమే, చిన్నప్పుడు పిక్క పట్టుకుని కరిసినాది, ఆపొద్దు నుంచి కుక్కంటే కాళ్లు వణుకుతాయి, అంది ఆ పిల్ల, చూపు గ్లాసు మీదే ఉంచి.

వణుకుతాయా, మరెప్పుడూ చెప్పలేదే, ఎవరడిగారు, తాడిపత్రిలో ఆ బండల ఫ్యాక్టరీ గేటు దగ్గర లోపల మొరుగుతుంటే నువ్వు పోయి గడియ తీ రేఖా అన్నదెవరు, వజ్రకరూరు దావలో ఆ తోట ఇంటికి సమన్లు పట్టుకుపోయినప్పుడు జీపులోనే కూర్చుని ముందు నువ్వు పో, నేను ఫోన్ మాట్లాడి వస్తా అన్నదెవరు, ఫోన్లో అవతల ఎవరూ లేరు, పని నేర్పిస్తున్నాననుకుంది, నిజంగానే అనుకుంది, ఆ పిల్ల ఒక్కసారీ కాదనలేదు, వణికే కాళ్లతోనే పోయి గేటు తీసింది, మధ్యాహ్నం శిక్షణకు విజిల్ వేశారు, రేఖ లేచి టోపీ సర్దుకుంటోంది, కృపాకుమారికి గ్లాసు కింద పెట్టడం కూడా చేతకాలేదు, ఇవాళ లాగింది మొదటిసారి కాదు, చేత్తో లాగడం మాత్రమే మొదటిసారి.