రాయి వంపు ఎక్కిన సిలిండర్ హెడ్

నేను ఒక సిలిండర్ హెడ్‌ని. పెట్రోలు జీపు ఇంజనుకు మూతలాంటి దాన్ని. పిస్టన్లు పైకొచ్చి పెట్రోలు ఆవిరిని నా కడుపుకేసి నొక్కుతాయి. ఎంత బిగువుగా నొక్కితే జీపుకు అంత బలం. ఏ జబ్బూ లేని నన్ను అనకాపల్లిలో మిషను బల్లకు బిగించి కోశారండీ! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది.

కోయించింది నా యజమాని బలరాం. పాడేరు కొండల్లో సంతకు మనుషుల్ని చేరవేసే జీపు అతనిది. ఆ దారిలో రాయి వంపు అని ఒక మలుపు. నిండు బరువుతో ఎక్కలేక అక్కడ జీపు ఆగుతుంది, జనం దిగుతారు, ఒకరు వెనక చక్రం కింద రాయి పెడతారు. ఖాళీ జీపు ఎక్కుతుంది, జనం వెనకే నడిచొస్తారు. ఎవరూ చెప్పక్కర్లేదు, కాళ్లే దిగిపోతాయి. కిందటేడు అలా నడిచిన బలరాం భార్య చిలకమ్మకు పైకి చేరేసరికి నొప్పులొచ్చాయి. నెలలు నిండని ఆ బిడ్డ దక్కలేదు. నడక వల్లేనని డాక్టరు అనలేదు. బలరాం మాత్రం జీపు వల్లేనని తేల్చేసుకున్నాడు. జీపంటే చివరికి నేనే!

చిలకమ్మకు మళ్లీ నెల తప్పింది. "ఈపాలి అది దిగకూడదు" అంటూ నన్ను ఊడదీశాడు.

మిషను నడిపే సన్యాసిరావు నా అడుగు చెక్కితే కడుపు లోతు తగ్గింది. బల్లపరుపు పిస్టన్ల చోట నెత్తి ఉబ్బిన పిస్టన్లు వచ్చాయి, నాకూ ఇంజనుకూ మధ్య పరిచే మందపాటి గాస్కెట్ రేకు చోట పల్చటిది. ఉన్నది కోసేస్తే బలం పెరుగుతుందట, విన్నారా!

"ఇంకాస్త తియ్యి" అన్నాడు బలరాం.

"ఏటి తీసీది? వాల్వులెళ్లి పిస్టన్లకి కొట్టీగలవు" అని సన్యాసిరావు మిషను ఆపేశాడు. బతికించాడు మహానుభావుడు.

చిలకమ్మకు నెలలు నిండి నొప్పులు మొదలైంది సంత రోజే. ఆమెను ఆస్పత్రికి ఎక్కించుకున్నాడు, సంతకెళ్లే జనంతో జీపు నిండిపోయింది. రాయి వంపులో బలరాం గేరు మార్చి తొక్కాడు. నాలో మంట ఎన్నడూ ఎరగనంత గట్టిగా పేలింది. ఆగకుండా ఎక్కేశాం!

"చూసినావేటే, దిగకుండానే ఎక్కీసినాం!" అంటూ బలరాం వెనక్కి తిరిగాడు.

జీపులో ఒక్కరూ లేరు.

గేరు మార్చేటప్పుడు కాస్త నెమ్మదించగానే అందరూ దిగిపోయారు, చిలకమ్మతో సహా! బలరాం ముఖం పాలిపోయింది. నేను సిగ్గుతో చచ్చాను. ఖాళీ జీపు ఎప్పుడూ ఎక్కేదే కదా, మరి నన్ను కోసింది దేనికి?

జీపును వెనక్కి దింపాడు. సగం వాలులో చిలకమ్మ ఇద్దరి భుజాలు పట్టుకుని నడుస్తోంది. ఎవరో అలవాటుగా చక్రం కింద రాయి పెట్టారు.

"నడవొద్దనే కదే ఇదంతా చేసినాను!" బలరాం కిందికి దూకి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"కాలు దిగిపోనాదయ్యా" అంది ఆమె పళ్లు బిగించి. "ఈలందరూ ఎక్కితేనే ఎక్కుతాను. ఒక్కదాన్నే ఎక్కడం నానొల్లను, నాకు బయం."

అందరూ ఎక్కారు. నట్టనడి వాలులో, నిండు బరువుతో! నా లోపల టకటకా మోగింది. ఎక్కడో చిట్లిన నొప్పి. అయినా ఎక్కాం. ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది.

ఆ చిన్న పగులుతోనే, ఆ వంపులో ఎవరినీ దింపకుండా, పిల్లకు మాటలొచ్చేదాకా లాగాను. ఇప్పుడు పాత ఇనుములో పడి ఉన్నాను. కానీ నా ఆఖరి సంత ప్రయాణం మరిచిపోలేను. రాయి వంపు దగ్గర జీపు నెమ్మదించగానే చిలకమ్మ అలవాటుగా కాలు బయటపెట్టింది.

పిల్ల ఆమె కొంగు పట్టుకుని లాగింది. "ఈడెందుకు దిగుతావే అమ్మా?"

నేను నిర్ఘాంతపోయాను. అక్కడ ఎందుకు దిగాలో తెలియని మనిషి ఆ కొండమీద పుట్టింది.