ఆయన ప్రశాంతత

“వంటింట్లో ఆ గిన్నెల చప్పుడు కాస్త తగ్గించు” అన్నాడు మా ఆయన, ధ్యానం మొదలుపెట్టిన రోజు పొద్దున.

కసురుకోలేదు. నవ్వుతూ మెల్లగానే అన్నాడు. అందుకే అది నాకు ఆజ్ఞలా వినిపించలేదు. పైగా ఆయన అంతకుముందే రక్తపోటు పెరిగి, ఆఫీసులో కళ్లు తిరిగి పడిపోయిన మనిషి. సిమెంటు కంపెనీలో అమ్మకాల మేనేజరు. అక్కడ పడ్డ చీవాట్లన్నీ మూటగట్టుకుని ఇంటికొచ్చి మా మీద విప్పేవాడు. మందులొక్కటే చాలవు, మనసుకీ విశ్రాంతి కావాలన్నాడు డాక్టరు. ఏదో ఒకటి చేసి మనిషి కుదుటపడితే అదే పదివేలనుకున్నాను. గట్టు మీద పాత తువ్వాలు పరిచి, గిన్నెలు దాని మీద పెట్టుకుని పని చేసుకోవడం నేర్చుకున్నాను.

తువ్వాలుతో ఆగలేదు. ఆయన కూర్చున్నంతసేపూ మిక్సీ వెయ్యకూడదు, కుళాయి ధారగా వదలకూడదు. అంటే ఆ పనులన్నీ ముందే ముగించుకోవాలి, అంటే నేను ఇంకా ముందు లేవాలి. తరవాత ఆయనకి విడిగా గది కావాల్సివచ్చింది. ఎనిమిదేళ్ల మా బుజ్జి చదువుకునే గది ఖాళీ అయింది. దాని బల్లా పుస్తకాలూ చెప్పుల అలమర పక్కకి చేరాయి. గదిలోకి లేత నీలం పరదాలు, ఒక మెత్తటి చాప వచ్చాయి. ఆ తలుపు మూసి ఉంటే మేం మునివేళ్ల మీద నడిచేవాళ్లం.

కొన్ని నెలలకి ఆయన నిజంగానే మారిపోయాడు. అరుపులు పోయాయి, చేతిలో ఉన్నది విసిరికొట్టడం పోయింది. మా అత్తయ్య వచ్చినవాళ్లందరికీ కొడుకు గురించి మురిసిపోతూ చెప్పేది. నువ్వు అదృష్టవంతురాలివి వదినా, మా అన్నయ్యని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తోంది అని మా ఆడపడుచు ఫోన్లో అంది. అందరూ చూసిన మార్పే నేనూ చూశాను. కానీ దాని వెనకవైపు నాకొక్కదానికే కనిపించింది. ఇదివరకు నేనొకటంటే ఆయన నాలుగనేవాడు. ఆ నాలుగింటిలో ఒకటైనా నా మాటకి జవాబయ్యేది. ఇప్పుడు నేను నోరు తెరవగానే ఆయన కళ్లు మూసుకుంటాడు. “నీ ఆవేశం నీది. దాన్ని నేను తీసుకోను” అంటాడు. స్నానాలగదిలో నీళ్లు నిలిచి జారుతోంది, మనిషిని పిలిపించండి అన్నా నా ఆవేశమే. అత్తయ్యని కళ్ల డాక్టరు దగ్గరికి ఈసారైనా మీరు తీసుకెళ్లండి అన్నా నా ఆవేశమే. నా మాటలు ఆయన ఆకాశంలో దాటిపోయే మబ్బులట. ఆ మబ్బే ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది, ఆ మబ్బే ఆయన చాప ఎండలో వేసి దులుపుతుంది.

నాది నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర ఉద్యోగం. నీళ్లు రానివాళ్లూ, బిల్లు తప్పుగా వచ్చినవాళ్లూ ఊరికెల్లా నేనొక్కదాన్నే దొరికినట్టు తిడతారు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చేత్తో రాసుకుంటూ, గొంతు పెంచకుండా అర్థమైందండీ, చూస్తామండీ అనాలి. ఏళ్ల తరబడి అంటూనే ఉన్నాను. దాన్ని నిగ్రహం అన్నవాళ్లు లేరు. ఎవరూ నాకు నీలం పరదాలు కట్టలేదు.

ఒకరోజు జడ వేసుకోబోతే కుడిచెయ్యి పైకి లేవలేదు. భుజంలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు నొప్పి. ఆయనకి చెబితే, నొప్పితో పోట్లాడకు, దాన్ని ఊరికే గమనించు అన్నాడు. గమనిస్తూనే కొన్నాళ్లు బట్టలు పిండాను. చివరికి ఆఫీసు నుంచే ఫిజియోథెరపీకి వెళ్లాను. అక్కడి అమ్మాయి నన్ను బల్ల మీద పడుకోబెట్టి, అరచేతులు వెచ్చబడేదాకా రుద్దుకుని నా భుజం మీద వేసింది. ఇంట్లో నా ఒంటి మీద చెయ్యి పడిందంటే ఏదో ఒకటి కావాలనే. ఆ చేతులకి నా దగ్గర్నుంచి ఏమీ అక్కర్లేదు. ఆ సంగతి అర్థంకాగానే కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారిపోయాయి. నొప్పెడుతోందా అని కంగారుపడింది. లేదన్నాను. “మరి ఊపిరెందుకండీ బిగబట్టారు? వదలండి” అంది. వదిలే ఉన్నాననుకున్నాను. కాస్సేపాగి మళ్లీ అదే అంది. మా ఇంట్లో ఆయన శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చుంటే, తలుపవతల నేను నా ఊపిరి బిగబట్టుకుని తిరుగుతున్నానన్నమాట. అదెప్పుడు అలవాటైందో నాకే తెలియలేదు.

ఆ తరవాత కొన్ని రోజులకి బుజ్జి స్నానాలగదిలో జారిపడింది. రేకు తలుపు అంచు తగిలి పాదం తెగింది. నేను గట్టు తుడుస్తుంటే వెనక నుంచి ఎవరో నా కొంగు లాగారు. తిరిగి చూస్తే అది. కింది పెదవి పళ్లతో గట్టిగా నొక్కిపట్టి నిలబడింది. కళ్లనిండా నీళ్లు. నోట్లోంచి చప్పుడు లేదు. నేల మీద దాని వెనకే ఎర్రటి అడుగులు. “నాన్న ధ్యానంలో ఉన్నారుగా” అంది గుసగుసగా. దెబ్బ తగిలితే ఏడవకూడదని నా బిడ్డ నేర్చుకుంది. నేర్పింది ఆయన ఒక్కడే కాదు, రోజూ నోటి మీద వేలుపెట్టి ష్ అన్నదాన్ని నేను. కాలికి గుడ్డ చుట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఆయన గది తలుపు కొట్టాను. గట్టిగానే కొట్టాను. పలకలేదు. నేనే పిల్లని ఎత్తుకుని ఆటో ఎక్కి కుట్లు వేయించుకొచ్చాను. తిరిగొచ్చేసరికి ఆయన టిఫిను తింటున్నాడు. పిల్ల కాలు చూసి నిట్టూర్చి, “అంత గట్టిగా తలుపు కొట్టాలా? మొత్తం చెదిరిపోయింది” అన్నాడు.

నేను తడిగుడ్డ తెచ్చి, నేల మీద ఎండిన ఎర్రటి అడుగులు తుడిచాను.

అప్పటికే ఆదివారాలు మా హాల్లో ఆయన నలుగురికీ ధ్యానం నేర్పుతున్నాడు. ఆయన ఆఫీసువాళ్లు, వీధిలోవాళ్లు కలిసి హాలు నిండేది. ముందు చాపలు పరచడం, తరవాత అందరికీ టీలు ఇవ్వడం నా వంతు. ఆ ఆదివారం పొయ్యి మీద రెండో విడతకి పాలు పెట్టి, మొదటి విడత కప్పులు పళ్లెంలో పట్టుకుని హాల్లోకి వచ్చాను. బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఆయన్ని అడుగుతోంది, ఇంటిపనీ ఆఫీసుపనీ అయ్యేసరికి మాలాంటివాళ్లకి ధ్యానానికి తీరికెక్కడుంటుంది సార్ అని. ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. “మా ఆవిణ్ణి చూడండి. చేసే పనే ఆవిడకి ధ్యానం. ఇలా కూర్చోవాల్సిన అవసరమే లేదు” అన్నాడు.

అందరూ నన్ను చూసి మెచ్చుకోలుగా నవ్వారు. బరువుకి భుజం సలుపుతోంది. పళ్లెం నేల మీద పెట్టాను. “అవసరం ఉందండీ. ఇవాళ నేనూ కూర్చుంటాను” అని, ముందు వరసలో ఖాళీగా ఉన్న చాప మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను.

ఆయన చిన్నగా నవ్వి, సరే, అందరం శ్వాసని గమనిద్దాం అన్నాడు. గమనించాం. కాస్సేపటికి పాలు పొంగిన వాసన వచ్చింది. “పాలు” అన్నాడు ఆయన మృదువుగా. నేను కదల్లేదు. మాడు వాసన మొదలైంది. “పాలు మాడుతున్నాయి” అన్నాడు, ఈసారి గొంతులో మెత్తదనం తగ్గింది. నా పక్కన చాప చప్పుడైంది. బ్యాంకావిడ లేవబోతోంది. అంతమంది మగవాళ్లుండగా లేచింది ఆవిడే. కళ్లు తెరవకుండానే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “కూర్చోండి. వంటిల్లెటో ఆయనకి తెలుసు” అన్నాను.

“చెవుడా నీకు? లే అక్కణ్ణుంచి” అని అరిచాడు.

హాలు దద్దరిల్లింది. కళ్లు తెరిచి చూశాను. మెడ నరాలు ఉబ్బి, ముఖం కందగడ్డలా ఎర్రబడి నిలబడున్నాడు. ఆ మనిషి నాకు బాగా తెలుసు. ఎక్కడికీ పోలేదు, మేమందరం చప్పుడు చెయ్యకుండా తిరిగితే లోపల నిద్రపోయాడంతే. ఆయన విసురుగా వంటింట్లోకి వెళ్లాడు. గిన్నె కిందపడ్డ చప్పుడు, దాని వెనకే ఒక బూతుమాట వినిపించాయి. వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా లేచి చెప్పులు వెతుక్కున్నారు. బ్యాంకావిడ వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసింది.

హాలు ఖాళీ అయ్యాక అత్తయ్య తన గదిలోంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. “ఎంత కష్టపడి సంపాదించుకున్నాడమ్మా వాడు ఆ ప్రశాంతత. ఒక్క పూటలో పాడు చేశావు కదా” అంది.

నేను చాప మీద నుంచి లేవలేదు.

“అది ఆయన సంపాదించుకున్నది కాదత్తయ్యా. రోజూ నేను చేసిపెడుతున్నది. ఇక చెయ్యను” అన్నాను.